భూషయ్య తాత ఎందుకు వెళ్లిపోయాడు

ఆ ఆదివారం సాయంత్రం అఫ్జల్ ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు గాని, కింద లుంగీ మార్చలేదు. ఫోనులో నడుము పైభాగమే కనిపిస్తుందని ఛానెల్ వాళ్లు ముందే చెప్పారు. బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టి, అది పడిపోకుండా వెనక మిక్సీ జార్ ఆనించింది అతని భార్య ఆస్మా. రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"ఏమండీ, గోడ మీద చెమ్మ మరక కనిపిస్తంది."

"కనిపించనీ. రెండు వందల ఏళ్ల తర్వాత సంగతులు రాసేవాడి ఇల్లు ఎట్టా ఉంటదో జనం చూస్తారు."

ఆస్మా నవ్వలేదు. మరక మీద ఒక క్యాలెండరు తగిలించి వంటింట్లోకి వెళ్లిపోయింది.

రేపల్లెలో వాళ్ల ఇల్లు స్టేషనుకు దగ్గర. తెనాలి నుంచి వచ్చే రైలుకు అదే ఆఖరి స్టేషను. అవతలికి పట్టాలు లేవు. ఆస్మా అక్కడి బడిలో టీచరు. ఆమె ఉద్యోగం కోసమే అఫ్జల్ హైదరాబాదు వదిలి వచ్చాడు. పొద్దున్నే సీన్లు రాసి ఫోనులో పంపిస్తే, మర్నాటికి అవి హైదరాబాదులో నటుల నోట్లో మాటలయ్యేవి.

అతను రాసే సీరియల్ పేరు 'నీలి కక్ష్య'. సముద్రాలు పొంగి ఊళ్లన్నీ మునిగిపోయాక, మనుషులు భూమి చుట్టూ తిరిగే ఒక ఇనప పట్నంలో కాపురాలు చేస్తుంటారు. భూషయ్య అనే ముసలాయన అక్కడి నుంచి కాలంలో వెనక్కి ప్రయాణం చేసి మన రోజుల్లోకి వస్తాడు. ఈ ఊళ్లు మునిగిపోతాయి, జాగ్రత్తపడండి అని ఇంటింటికీ తిరిగి చెబుతాడు. ఎవరూ నమ్మరు. అత్తాకోడళ్ల సీరియళ్ల మధ్య ఇలాంటిది నెల కూడా నిలవదని ఛానెల్లోనే చాలామంది అన్నారు. ఇనప పట్నాన్ని థర్మోకోల్‌తో కట్టి వెండి రంగు పూశారు. ఫ్యాను గాలికి అది ఊగడం చూసేవాళ్లకు తెలిసిపోయేది. అయినా రెండేళ్లు నిలబడిందంటే భూషయ్య తాత వల్లనే.

ఆ తాత మూడు నెలల కిందట సీరియల్లోంచి వెళ్లిపోయాడు. వీడ్కోలు సీను లేదు. పాత ముక్కలు కొన్ని అతికించి, ఒక తలుపు మూసుకున్నట్టు చూపించి, 'ఆయన తన కాలానికి వెళ్లిపోయారు' అని ఇంకో పాత్ర చేత చెప్పించారు. ఆ రాత్రి నుంచి అఫ్జల్‌కు తిట్లు మొదలయ్యాయి. ముసలాయనతో పారితోషికం దగ్గర గొడవ పడ్డాడన్నారు. తాతకు పేరొస్తుంటే ఓర్వలేకపోయాడన్నారు. రచయిత పేరు చూసి, మతం చూసి, ఇంకో రకంగా మాట్లాడినవాళ్లూ ఉన్నారు. చూసేవాళ్లు తగ్గిపోయారు. ఇక లాభం లేదని ఛానెల్ వాళ్లే అభిమానులతో ఆన్‌లైన్ ముఖాముఖి పెట్టారు.

దాన్ని నడిపే అమ్మాయి జెన్నిఫర్. హైదరాబాదు ఆఫీసు నుంచి మధ్యాహ్నమే ఫోను చేసింది.

"సార్, ఇవాళ మీరు ఒక్క ముక్క చెప్తే చాలు. ఆయనకి ఒంట్లో బాగాలేదని. జనం అయ్యో అంటారు. పైవాళ్లు కూడా ఆగుతారు. లేకపోతే నెలాఖరుకి ఆపేస్తామంటున్నారు సార్."

"ఒంట్లో బాగాలేదని నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు సార్. మరి ఎందుకు మానేశారు?"

"అడిగినప్పుడు చెప్తాలే."

ఆ అమ్మాయి ఊహించిందే నిజం. ఆ నిజం తెలిసినవాళ్లు తాత వేషం కట్టిన ముసలాయన భార్యా కూతురూ, అఫ్జల్, ఒక డాక్టరు. ముసలాయనకు కూడా ఒకప్పుడు తెలుసు.

ఆయన పేరు పూర్ణచంద్రరావు. తెనాలి మనిషి, పద్యనాటకాల నటుడు. అఫ్జల్ తండ్రి అమీర్‌కు తెనాలిలో డ్రెస్ కంపెనీ ఉండేది. నాటకాలకు కిరీటాలు, మఖమల్ ఉడుపులు, నడుముకు కట్టే జరీ పట్కాలు అద్దెకిచ్చేవాడు. ఆ బట్టల పెట్టె వెంట వెళ్లి వెళ్లి, అఫ్జల్ యవ్వనంలోనే ప్రాంప్టరయ్యాడు. స్టేజీ పక్కన తెర చాటున నిలబడి, నటుడు తడబడబోయే ముందు తర్వాతి మాట అందించడం ప్రాంప్టరు పని. ముందుగా అందిస్తే నటుడికి కోపం, ఆలస్యమైతే పరువు నష్టం. తెలుగు పద్యాలు ఆ కుర్రాడికి అన్ని నాటకాలవీ కంఠతా వచ్చేశాయి. ఇంట్లో తల్లి నూర్ బీ ఉర్దూలో పిలిస్తే పద్యంలో పలికేవాడు, తిట్లు తినేవాడు.

పూర్ణచంద్రరావుకు ప్రాంప్టరు అవసరం ఎప్పుడూ రాలేదు. అయినా అఫ్జల్ లేకుండా ఆయన వేషం కట్టేవాడు కాదు.

"నువ్వక్కడ నిలబడ్డావని తెలిస్తే నాకు మరుపు రాదురా" అనేవాడు.

తర్వాత నాటకాలు పలచబడ్డాయి. డ్రెస్ కంపెనీ మూతపడి మఖమల్ చిమటలపాలైంది. అఫ్జల్ హైదరాబాదు చేరి, తెర మీద తన పేరు పడని సీరియళ్లకు ఏళ్ల తరబడి మాటలు రాశాడు. చివరికి సొంత కథ ఒకటి దొరికినప్పుడు, ముసలాయన వేషానికి ఎవరన్నా ఉన్నారా అని ఛానెల్ వాళ్లు అడిగితే, ఇంకో పేరు చెప్పలేదు. డెబ్బై దాటిన పూర్ణచంద్రరావుకు వెండి రంగు కోటు తొడిగారు.

"ఏంట్రా ఇది? కోడిని చుట్టి నిప్పుల్లో పెట్టే కాగితంలా ఉంది" అన్నాడాయన.

"అంతరిక్షంలో అంతేనండి."

"కిరీటం ఉండదా?"

"ఉండదండి."

"పోనీలే. తలనొప్పి తప్పింది."

మొదటి ఏడాది సగంలో ఒకరోజు ఆయన మాట మధ్యలో ఆగిపోయాడు. ఎదురుగా ఉన్న నటి రెండుసార్లు మాట అందించినా అందుకోలేదు. అలసట అనుకున్నారు. వారం తిరక్కుండా మళ్లీ అదే. అఫ్జల్ అప్పుడొక ఏర్పాటు చేశాడు. కాలం దాటిన మనిషికి రోజురోజుకీ జ్ఞాపకం రాలిపోతుందని కథలో ఒక సూత్రం పెట్టాడు. దాంతో భూషయ్య తాత తడుముకోవచ్చు, అన్నదే అనవచ్చు, ఎదుటి మనిషిని పోల్చుకోకపోవచ్చు. అన్నీ కథలో కలిసిపోతాయి. మాటలు కూడా రెండు మూడు పదాలకు కుదించి రాసేవాడు. జనం అది చూసి పడి చచ్చారు. ఏం నటనండీ, ఏం మౌనమండీ అన్నారు. తెనాలి టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు ఆయన్ను ఆపి, "తాతా, నన్ను గుర్తుపట్టావా?" అని సరదాకి అడిగేవారు. "లేదు నాయనా" అనేవాడాయన. వాళ్లు ఫక్కున నవ్వేవారు. సగం సార్లు ఆయన చెప్పింది నిజమేనని వాళ్లకు తెలియదు.

బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో షూటింగు పెట్టినప్పుడు ఆ ఏర్పాటు కూడా చాల్లేదు. సముద్రాన్ని చూపిస్తూ, ఇది మీ గడపల్లోకి వస్తుంది అని భూషయ్య చెప్పాలి. అంతే సీను. కట్టిన తాడు అవతల జనం మూగి ఉన్నారు. పడవల వాళ్లు, కాలేజీ పిల్లలు, కుటుంబాలతో వచ్చినవాళ్లు. పూర్ణచంద్రరావు సముద్రం వైపు తిరిగాడు. కాసేపు చూశాడు. ఎడమ చేయి నడుం మీద పెట్టి, కుడి చేయి చాపి, యవ్వనంలో రాజు వేషంలో పాడిన పద్యం ఎత్తుకున్నాడు. గాలి హోరు మీద ఆ గొంతు నిలబడింది. డైరెక్టరు ఆపమనడం మర్చిపోయాడు. రాగం ముగియగానే తాడు అవతల నుంచి పాతకాలం మనిషి ఎవరో కేక వేశాడు.

"వన్స్ మోర్!"

ఈ జిల్లాల్లో పద్యం నచ్చితే మళ్లీ పాడమనడం శ్రోత హక్కు, పాడటం నటుడి మర్యాద. పూర్ణచంద్రరావు వంగి నమస్కారం పెట్టి మళ్లీ పాడాడు. చప్పట్లు మోగాయి. అవి సద్దుమణిగాక ఆయన ఎడమ చేయి నడుం మీద పెట్టాడు, కుడి చేయి చాపాడు, మళ్లీ అదే ఎత్తుకున్నాడు. ఈసారి ఎవరూ అడగలేదు.

"పెద్దాయన అడక్కుండానే ఇస్తన్నాడ్రోయ్" అని ఎవరో అన్నారు. జనం మురిసిపోయి ఈలలు వేశారు.

నాలుగోసారి చేయి లేచినప్పుడు అఫ్జల్‌కు సంగతి అర్థమైంది. ఆయన మళ్లీ పాడటం లేదు. ప్రతిసారీ మొదటిసారే పాడుతున్నాడు. అఫ్జల్ కెమెరా ముందుకే నడిచి వెళ్లి ఆయన చేయి పట్టుకుని చెవిలో చెప్పాడు.

"మాస్టారూ, తెర పడిందండి."

"పడిందా?" అని ఆయన బుద్ధిగా వెంట వచ్చాడు.

సరుగుడు చెట్ల కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మంచినీళ్లు తాగాక ఆయన కళ్లు తేటపడ్డాయి.

"ఎన్నిసార్లు పాడాన్రా?"

"రెండుసార్లండి. వన్స్ మోర్ అన్నారు."

"అబద్ధం చెప్పకు. గొంతు చెప్తంది నాకు. మా నాటకాల వాళ్లలో తాగి స్టేజీ ఎక్కినోణ్ణి కూడా మన్నిస్తారు. పోర్షన్ మర్చిపోయినోణ్ణి మన్నించరు. నేను మర్చిపోయానన్న మాట తెనాల్లో వినపడకూడదు అఫ్జలూ."

"వినపడదండి."

"నన్ను పంపించెయ్. ఎవరన్నా అడిగితే నువ్వే తీసేశానని చెప్పు. కథకి నేను పనికిరాలేదని చెప్పు."

"అట్టా ఎట్టా చెప్తానండి?"

"చెప్పాలి. పనికిరాడంటే పడతాను. మర్చిపోయాడంటే పడలేను."

అఫ్జల్ మాటిచ్చాడు. ఆ తర్వాత పూర్ణచంద్రరావునీ భార్య కనకదుర్గనీ కూతురు చందన బాపట్లలోని తన ఇంటికి తీసుకుపోయింది. చందన అక్కడ ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తుంది. తండ్రికి జబ్బు సంగతి రెండుసార్లు నెమ్మదిగా చెప్పి చూసింది. రెండుసార్లూ ఆయన అప్పుడే వింటున్నట్టు విని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇక చెప్పడం మానేసింది.

ముఖాముఖి మొదలుకావడానికి ముందు చందన కూడా ఫోను చేసింది.

"అన్నయ్యా, నాన్న చూస్తానంటున్నాడు. టీవీకి కలిపి పెట్టమన్నాడు. పొద్దుట్నుంచీ గుర్తుంది చూడు, ఆశ్చర్యంగా."

"చూడనీ అమ్మా."

"ఏం చెప్తావు?"

"మాస్టారు చెప్పమన్నదే."

కార్యక్రమం సరదాగానే మొదలైంది. జెన్నిఫర్ ప్రశ్నలు చదువుతుంటే అఫ్జల్ జవాబులు చెప్పాడు. రెండు వందల ఏళ్ల తర్వాతి మనుషులు తెనాలి యాసలో ఎందుకు మాట్లాడుతున్నారని ఒకరు అడిగారు. "మిగతా ఊళ్లవాళ్లు సర్దుకుంటూ ఉండి మునిగిపోయారండి, మావాళ్లు మాట్లాడుకుంటూనే పైకెక్కేశారు" అన్నాడు. ఇనప పట్నం ఇంజను శబ్దం అచ్చం మా ఇంట్లో గ్రైండరులా ఉందని వేమూరు నుంచి ఒకాయన రాశాడు. "గ్రైండరేనండి. ఇడ్లీ పిండి అయిపోతే ఆ రోజు ప్రయాణం ఉండదు" అన్నాడు అఫ్జల్. తెర మీద నవ్వు బొమ్మలు కుప్పలుగా పైకి తేలాయి. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న ఆస్మా కూడా చాన్నాళ్లకు నవ్వింది.

తర్వాత తాత గురించిన ప్రశ్నలు వచ్చిపడ్డాయి. ఎందుకు తీసేశావు, ఎవరు తీయమన్నారు, సిగ్గు లేదా. జెన్నిఫర్ కొంచెం మర్యాదగా ఉన్నవి ఏరుకుంటూ, ఒకామెను మాట్లాడటానికి కలిపింది.

"నమస్తే బాబూ. నా పేరు గంగరత్నం. మాది చీరాల, పేరాల. మగ్గం నేసుకుంటాం."

"నమస్తే అమ్మా. చెప్పండి."

"మా ఆయనకి మరుపు జబ్బు బాబూ. నన్ను పట్టుకుని మా అత్త అనుకుంటాడు. ఎవరన్నా వస్తే దాచిపెట్టేవాళ్లం, సిగ్గుకి. మీ తాత టీవీలో అట్టాగే మర్చిపోతా ఉంటే, మా ఆయన చూసి, 'ఒసే, ఈడికీ నాకూ ఒకటే' అని నవ్వేవోడు. అప్పట్నుంచీ అరుగు మీద కూర్చోబెట్టటం మొదలెట్టాం. నలుగురూ 'ఏంటి భూషయ్యా' అని పలకరించేవాళ్లు. ఇప్పుడు ఆ టైముకి టీవీ పెట్టమని అడుగుతాడు, తాత ఏడీ అంటాడు. ఏం చెప్పను బాబూ? తాత ఎందుకు ఎల్లిపోయాడు?"

అఫ్జల్ గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు. నిజం నాలుక మీదికి వచ్చింది. అమ్మా, మా తాతదీ మీ ఆయన జబ్బే అంటే ఆమెకు ఎంత ఊరటో అతనికి తెలుసు. సీరియల్ బతుకుతుంది. మూడు నెలల తిట్లు ఆ సాయంత్రంతో ఆగిపోతాయి. బాపట్లలో ఒక గదిలో, తెల్ల పంచె కట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక ముసలాయన వింటున్నాడన్న సంగతీ తెలుసు.

"సార్, వినపడుతోందా?" అంది జెన్నిఫర్.

"వినపడుతోందమ్మా." గొంతు సవరించుకున్నాడు. "కథ ముందుకు పోవాలంటే కొన్ని పాత్రలు ఆగిపోవాలండి. ఆయన వల్ల కథ నెమ్మదించింది. ఆ వేషానికి ఆయన పనికిరాలేదనిపించింది నాకు. నేనే తీసేశాను. ఇందులో ఇంకెవరి ప్రమేయమూ లేదు."

"పనికిరాలేదా బాబూ?" అని మాత్రం అడిగింది గంగరత్నం. లైను తెగిపోయింది.

ఆ తర్వాత తెర మీద ఏం వచ్చాయో అఫ్జల్ చదవలేదు. జెన్నిఫర్ హడావిడిగా ధన్యవాదాలు చెప్పి ముగించింది. ఆస్మా వచ్చి ఫోను తీసుకుని బోర్లా పెట్టింది. "మీ పనయిందా?" అని అడిగింది. అతను తల ఊపాడు. ఆమె మిక్సీ జార్ తీసుకుని లోపలికి పోతుండగా ఫోను మోగింది. చందన.

"అన్నయ్యా..." అని ఆమె అంటుండగానే, ఫోను ఎవరో లాక్కున్న చప్పుడైంది.

"అఫ్జలూ."

"మాస్టారూ."

"నేను పనికిరానా?"

అఫ్జల్ గోడకు ఆనుకున్నాడు.

"ఊరంతా వింటుండగా అంటావా? నాతో ఒక్క మాట చెప్పావా? మీ నాన్న ఇచ్చిన ఉడుపులు వేసుకుని ముప్పై ఏళ్లు తిరిగాన్రా నేను. నువ్వు మాట అందించాల్సిన అవసరం ఒక్కరోజన్నా పెట్టానా నీకు? పనికిరానని ఎవరు చెప్పమన్నార్రా?"

మీరేనండి అన్న ఒక్క మాట చాలు. కాని ఆ మాట అంటే, ఎప్పుడన్నానురా అంటాడు. సూర్యలంక చెప్పాలి. నాలుగుసార్లు ఎత్తుకున్న పద్యం చెప్పాలి. ఎందుకు పాడారో చెప్పాలి. ఆయన మూడోసారి ఆ జబ్బు గురించి మొదటిసారిగా వినాలి.

"నాదే తప్పండి" అన్నాడు.

"నీ మొహం నాకు చూపించకు."

నెలాఖరుకు సీరియల్ ఆగిపోయింది. వెండి రంగు పట్నాన్ని విరగ్గొట్టి ఇంకో సీరియల్ పెళ్లి మంటపం వేశారు. అఫ్జల్ మళ్లీ తెర మీద పేరు పడని పనికి దిగాడు. ఒక కోడలు రోజుకొకసారి ఇంట్లోంచి వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగే కథకు మాటలు రాస్తున్నాడు. పేరాల గంగరత్నానికి జవాబు రాద్దామని చాలాసార్లు కూర్చున్నాడు. నిజం రాయకుండా ఆమెకు రాయడానికి ఏమీ లేదు. రాయలేదు.

తెనాలిలో పాత నాటకాల వాళ్లు ఎదురైతే మొహం తిప్పుకునేవారు. ఒకసారి బట్టల కొట్టు దగ్గర హార్మోనియం వాయించే కొండలరావు మాత్రం ఆగి అడిగాడు.

"తమ్ముడూ, అన్నం పెట్టినోడి మీద అంత మాట ఎట్టా వచ్చిందయ్యా నీ నోటికి?"

"వచ్చిందన్నయ్యా" అన్నాడు అఫ్జల్. పూర్ణచంద్రరావు పేరు తెనాలిలో చెక్కుచెదరలేదు. ఆయన గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ, 'ఆ పాపిష్టి రచయిత లేకపోతే ఎక్కడికో పోయేవాడండీ' అంటారు.

ఏడాది దాటాక చందన ఫోను చేసింది. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది.

"నాన్నకి ఊరు గుర్తు పోయిందన్నయ్యా. అమ్మ పేరు పోయింది. నన్ను నర్సమ్మా అంటాడు. పద్యాలు కూడా పోయాయి. నీ మీద కోపం ఒక్కటీ పోవట్లా. పొద్దున కాఫీ తాగగానే మొదలుపెడతాడు. డాక్టరు ఏదో చెప్పాడు గాని, నాకర్థం కాలా."

"బాగా తిడతాడా?"

"బాగా. ఒకసారి రా అన్నయ్యా. అమ్మ చూడాలంటంది."

"మొహం చూపించొద్దన్నాడుగా."

"నీ మొహం గుర్తుపట్టడులే."

ఆదివారం పొద్దున అఫ్జల్ రేపల్లెలో రైలెక్కాడు. తెనాలిలో దిగి బండి మారి బాపట్ల చేరేసరికి ఎండ ఎక్కింది. చందన ఇంటి వరండాలో పూర్ణచంద్రరావు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. గడ్డం ఎవరో శుభ్రంగా గీశారు. వచ్చినవాడికి లేచి నమస్కారం పెట్టాడు. ఆ మర్యాద ఇంకా చేతుల్లో ఉంది.

"కూర్చో బాబూ. ఏ ఊరు?"

"రేపల్లె అండి."

"రేపల్లా." ఆయన ముందుకు వంగాడు. "రేపల్లెలో ఒకడున్నాడు. అఫ్జల్ అని."

అఫ్జల్ కూర్చున్నాడు. గుమ్మంలో చందన నిలబడి చున్నీ కొస నలుపుతోంది. లోపల్నుంచి కనకదుర్గ కాఫీ పట్టుకొచ్చింది. ఆమెకూ చూపు సరిగ్గా లేదు. వచ్చినవాణ్ణి దగ్గరగా చూసి, గ్లాసు చేతిలో పెడుతూ అలవాటుకొద్దీ అనేసింది.

"వేడిగా ఉంది, చూసుకో అఫ్జలూ."

పూర్ణచంద్రరావు అతని మొహంలోకి చూశాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. పట్టుకోబోయిన చందన చేయి తోసేశాడు.

"నువ్వా" అన్నాడు.

తర్వాత వచ్చిన మాటలు వీధిలోకి వినపడ్డాయి. తిన్న ఉప్పు ఎత్తాడు. తెర చాటు స్నేహం ఎత్తాడు. నడిరోడ్డు మీద నిలబెట్టి గుడ్డలు విప్పావన్నాడు. నమ్మినవాడి చేతిలో చావడం యుద్ధంలో చావడం లాంటిది కాదన్నాడు. ఒక్కచోట తడబడలేదు. మాట కోసం వెతుక్కోలేదు. అన్న మాట మళ్లీ అనలేదు. ఎదురింటివాళ్లు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అఫ్జల్ కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తల ఎత్తి, మొత్తం విన్నాడు. కనకదుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నయ్యా, లోపలికి రా" అంది చందన.

"ఉండమ్మా. ఆయన్ని కానియ్యి."

ముసలాయన ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. కాళ్లు వణుకుతుంటే చందన పట్టుకుని కూర్చోబెట్టింది. కనకదుర్గ ఇచ్చిన నీళ్లు తాగాడు. మొహం మీది ఎరుపు మెల్లగా దిగిపోయింది. దానితో పాటు ఇంకేదో కూడా దిగిపోయింది. గేటు వైపు, చెట్టు వైపు, తన చేతుల వైపు చూసుకున్నాడు. చివరికి ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషి మీద చూపు నిలిపాడు. మర్యాదగా చేతులు జోడించాడు.

"ఎంతసేపయింది బాబూ వచ్చి? ఏ ఊరు?"

అఫ్జల్ చందన వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వేరే ఊరేదన్నా చెప్పమని ఆమె ఉద్దేశం.

"రేపల్లె అండి" అన్నాడు.

"రేపల్లా." ఆయన ముందుకు వంగాడు. గొంతు తగ్గించి, తెలిసినవాడితో ఇంటి గుట్టు చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "రేపల్లెలో ఒకడున్నాడు. అఫ్జల్ అని. తెలుసా నీకు?"

"తెలుసండి" అన్నాడు అఫ్జల్. కాఫీ చల్లారిపోయింది. గ్లాసు కింద పెట్టి కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు. "చెప్పండి."